అక్క తొక్కిన మట్టి

మా అక్క ఎర్మెలిందా మట్టి తొక్కుతున్నదంటే మా పెరటి గోడ దగ్గర ఎవరో ఒకరు ఆగి చూడవలసిందే. పాత చాప పరిచి, నానిన మట్టిని దాని మీద మందపాటి రొట్టెలా పరిచి, లంగా మోకాళ్ళ దాకా ఎగదోపుకుని అంచు నుంచి మొదలుపెట్టేది. మడమ ఒకసారి, వేళ్ళు ఒకసారి. అడుగు పక్కన అడుగు వేస్తూ, నత్తగుల్ల చుట్లలా తిరుగుతూ నడిమికి వచ్చేది. అక్కడ మట్టిని మడతపెట్టి మళ్ళీ అంచు నుంచి తొక్కేది. తొక్కుతున్నంతసేపూ నోరు ఊరుకునేది కాదు. ఎవరి కోడలు ఎవరితో పోట్లాడిందో, చర్చి ఫాదరుకు కొత్త బూట్లు ఎవరు కొనిచ్చారో అన్నీ చెప్పేది. చెబుతూ చెబుతూ ఠక్కున ఆగి, ఒంటికాలి మీద నిలబడి, వేళ్ళ సందున దొరికిన రాయిని తీసి గోడ అవతలికి విసిరేసి, వదిలిన మాట దగ్గర్నుంచే మళ్ళీ అందుకునేది. ఆ రాయి మొక్కజొన్న గింజలో సగం ఉండేది. ఒక్కోసారి నువ్వుగింజంతే.

మా కుండల పనికి ఆ రాళ్ళే శత్రువులు. మా కొండ మట్టిలో సున్నపురాయి పలుకులు ఉంటాయి. ఎంత జల్లెడ పట్టినా కొన్ని దిగిపోతాయి. కుండలో గానీ రొట్టెల పెనంలో గానీ ఒక్క పలుకు మిగిలిందా, ఆవంలో కాలి బయటికొచ్చాక అది ఉబ్బి, చుట్టూ ఉన్న మట్టిని పెళ్ళలుగా ఎగరగొడుతుంది. ఒక్కోసారి కుండ నిలువునా చీలుతుంది. చేతికి దొరకని పలుకును కాలితో పట్టాలి. మా అమ్మ కాళ్ళు అలా పట్టేవి. అమ్మ తర్వాత అక్క కాళ్ళు పట్టాయి. నావి మాత్రం పట్టలేదు.

నాకు ఆరేళ్ళు, అక్కకు పదేళ్ళు ఉన్నప్పుడు అమ్మ ఒకరోజు మట్టిలో మూడు చిక్కుడుగింజలు దాచి మా ఇద్దరినీ దింపింది.

"కళ్ళు మూసుకుని కాళ్ళతో వెతకండి. చేతులు పెట్టారంటే వీపు విమానం మోతే," అంది.

అక్క ఒక్క చుట్టులోనే మూడూ తీసింది. అమ్మ మళ్ళీ దాచింది. మళ్ళీ అక్కే తీసింది. మూడోసారికి నేను మట్టిలోనే కూలబడి ఏడుపు లంకించుకున్నాను. అమ్మ నవ్వి, నన్ను ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టి, చేతిలో ఒక ముద్ద పెట్టింది. ఆ సాయంత్రానికి నేను చేసిన గిన్నె వంకర లేకుండా నిలబడింది. అంతే, ఆ రోజుతో ఇంట్లో పనులు పంచుకున్నట్టయింది. మట్టి తొక్కడం అక్కది, కుండ చేయడం నాది. నాకు పెళ్ళయింది, కొడుకు పుట్టాడు, మొగుడు పోయాడు, కొడుకు వహాకా నగరంలో బస్సు నడుపుకుంటూ అక్కడే ఉండిపోయాడు. నేను మళ్ళీ ఈ ఇంటికే వచ్చాను. అక్క పెళ్ళే చేసుకోలేదు. ఇన్ని జరిగినా ఆ పంపకం మాత్రం మారలేదు.

ఎంత బాగుండేవి ఆ రోజులు! ప్రతి శుక్రవారం సంతకు పోయేవాళ్ళం. కుండల మధ్య గడ్డి కుక్కి, బస్సు మీదికి ఎక్కించి, అక్క కూడా నిచ్చెన పట్టుకుని పైకెక్కి కూర్చునేది. "లోపల కూర్చుంటే కుండలకు దిగులేస్తుంది," అనేది. పునీత ఇనెస్ పండగ నాడు బాకా మేళం మొదలైందంటే చెప్పులు ఎక్కడ వదిలిందో తెలియకుండా ఆడేది. చర్చి ముందు బండలు ఎండకు కాలిపోతున్నా ఆమెకు పట్టేది కాదు. మట్టి మోసే ఎలీహియో ఒక ఏడు ఆమెతో ఆడి, ఆమె బొటనవేలు తొక్కి గోరు ఊడగొట్టాడు. ఆ గోరు తిరిగి మొలిచే దాకా అక్క అతన్ని "ఎద్దు" అనే పిలిచింది. అతను పలికేవాడు కూడా.

షుగర్ ఉందని తెలిసింది ఆమె యాభై ఏడో ఏట. మాత్రలు ఇచ్చారు. గుర్తుంటే వేసుకునేది. నాగజెముడు మట్టలు రుబ్బి పరగడుపున తాగేది, ఆ తాగినదాన్ని లెక్కలో చూపించి మధ్యాహ్నం కూల్‌డ్రింకు సీసా ఎత్తేది.

"అది మందు, ఇది విరుగుడు," అనేది.

"రెండూ తారుమారు చేసి చెబుతున్నావు అక్కా."

"నువ్వు కుండలు చేసుకో."

కొన్నేళ్ళకు కాళ్ళలో చీమలు పాకుతున్నాయనడం మొదలుపెట్టింది. పడుకుంటే అరికాళ్ళు మంటలనేది. దుప్పటి తగిలితే కూడా ఓర్చుకోలేక కాళ్ళు బయట పెట్టి, లేచాక చల్లటి నేల మీద ఆనించి కూర్చునేది. వయసు, నిలబడి చేసే పని, అనుకున్నాం. తర్వాత ఆ మంటలు తగ్గాయి. తగ్గాయని ఇద్దరం సంతోషించాం కూడా. ఒకసారి సంత నుంచి ఒక్కతే వస్తూ ఒక కాలికే చెప్పుతో ఇల్లు చేరింది. రెండోది బస్సు దిగిన చోట జారిపోయిందట. ముళ్ళదారిలో అంత దూరం ఎలా నడిచావని నేను అడగలేదు. ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఆ సంవత్సరమే కుండలు పగలడం మొదలైంది.

అంతకుముందు ముప్పై కాలిస్తే ఒకటో రెండో పోయేవి. ఇప్పుడు ఐదు, తర్వాత ఏడు. ఒకరోజు ఆవం విప్పి నేను ముక్కలు ఏరుతుంటే అక్క గుమ్మంలోంచి అడిగింది.

"ఎన్ని పోయాయే?"

"తొమ్మిది."

"మంట ఎక్కువ పెట్టుంటావు."

"నలభై ఏళ్ళుగా పెడుతున్న మంటే కదా."

"అయితే గోడలు పలచన చేసుంటావు. కళ్ళజోడు పెట్టుకోవే అంటే అందం పోతుందంటావు. ఎవరు చూడాలి నీ అందం?"

నేను ఒక పెంకు తీసుకెళ్ళి ఆమె ముక్కు కింద పెట్టాను. చీలిన చోట తెల్లటి చుక్క, పిండిలా రాలుతోంది.

"ఇదిగో సున్నం. ఇది నా చేతిలోంచి రాలేదు."

అక్క ఆ చుక్క వంక చాలాసేపు చూసింది. "నేను తొక్కిన మట్టిలో రాయి మిగలడమా?" అంది, ఎవరో చచ్చిపోయారని చెబితే నమ్మనట్టు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు ఆమె దృష్టి ఎలీహియో మీదికి మళ్ళింది.

ఎలీహియో సోమవారం మట్టి తెచ్చేవాడు. రెండు గాడిదలు, నాలుగు బస్తాలు. వాళ్ళ నాన్న మా అమ్మకు తెచ్చేవాడు, అతను మాకు. ఆ సోమవారం అక్క వీధి గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది.

"ఏమయ్యా, కొండెక్కడానికి కాళ్ళు రావడం లేదా? వాగు పక్కన తవ్వి మా మొహాన పోస్తున్నావా?"

అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "నేనెక్కడ తవ్వుతానో నీకు తెలుసు ఎర్మెలిందా. మా నాన్న తవ్విన గొయ్యే."

"అయితే మీ నాన్నతో పాటు ఆ గొయ్యీ చచ్చిందన్నమాట! ఇది మట్టా? కంకర! రోడ్డేసుకో పో!"

మొక్కజొన్న పిండి పట్టించుకోవడానికి పోతున్న ఆడవాళ్ళు ఆగారు. ఒకావిడ కిసుక్కున నవ్వింది. ఎలీహియో టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. తెచ్చిన బస్తాలు ఎప్పటిలాగే అరుగు మీద దించి, చేతులు దులుపుకుని, గాడిదల్ని తిప్పుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. పక్క ఊరి వాడెవడో లారీలో మట్టి తెచ్చి పోశాడు. ఆ మట్టితో చేసిన ముప్పైలో పన్నెండు పోయాయి.

"చూశావా, ఎలీహియో తప్పు కాదు," అన్నాను.

"వీడూ దొంగే," అంది అక్క.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆమె మట్టి తొక్కుతోంది, నేను గట్టు మీద కూర్చుని పెనం అంచు నునుపు చేస్తున్నాను. బడిపంతులు గారి చిలక చర్చిలోకి ఎగిరి, పెళ్ళి జరుగుతుండగా బూతులు మాట్లాడిందని చెబుతోంది. నాకు నవ్వాగక తలెత్తి చూశాను. బూడిదరంగు మట్టిలో ఎర్రటి చారలు కనిపించాయి.

"ఎర్రమట్టి ఎందుకు కలిపావక్కా?"

"నేనెక్కడ కలిపాను?"

ఆమె వంగి చూసుకుంది. కుడికాలు పెట్టిన చోటల్లా మామూలుగానే ఉంది. ఎడమకాలు పెట్టిన చోటల్లా ఎరుపు. నత్తగుల్ల చుట్లు మొత్తం, అంచు నుంచి నడిమి దాకా. అంటే మొదటి అడుగు నుంచే.

నేను పరిగెత్తి పట్టుకుని కూర్చోబెట్టాను. పాదం ఎత్తి చూస్తే వేళ్ళ మొదట్లో ఒక పెంకు దిగి ఉంది. పగిలిన మా కుండ పెంకే, బొటనవేలి గోరంత. పీకాను. ఆమెలో చలనం లేదు.

"నొప్పి లేదా?"

"లేదే."

"కొంచెం కూడా?"

అక్క తన పాదాన్ని వేరే ఎవరిదో చూసినట్టు చూసింది. "చిలక సంగతి పూర్తి చెప్పలేదు నీకు," అంది. కానీ చెప్పలేదు.

బకెట్టుతో నీళ్ళు తెచ్చి మట్టి కడిగాను. అప్పుడు బయటపడింది రెండో గాయం. బొటనవేలి పక్క వేలి కింద కాయ కట్టి, నల్లబడి, లోపల చీము పట్టి ఉంది. అది ఆనాటిది కాదు. వారాల నాటిది. రోజూ మట్టి అంటుకునే కాలు కాబట్టి ఎవరికీ కనపడలేదు.

మా ఊరి ఆరోగ్య కేంద్రంలో ఆ ఏడాది చేరిన డాక్టరమ్మ పేరు మార్లెన్. చదువు అప్పుడే ముగించుకుని వచ్చిన పిల్ల. గాయం శుభ్రం చేసి, కట్టు కట్టి, అక్కను కళ్ళు మూసుకోమంది. నైలాను దారంలాంటి ఒక పోచ తీసి చూపించింది నాకు.

"దీన్ని అరికాలికి ఆనిస్తాను పెద్దమ్మా. తగిలినప్పుడల్లా చెప్పండి."

కుడికాలి మడమ మీద ఆనించింది. అక్క పలకలేదు. వేళ్ళ కింద ఆనించింది. పలకలేదు. డాక్టరమ్మ పోచ వెనక్కి తీసుకుని కాగితం మీద ఏదో రాసుకుంది. ఆ రాస్తున్న చప్పుడుకు అక్కకు అనుమానం వచ్చినట్టుంది.

"ఆ, తగిలింది," అంది.

"ఎక్కడ?"

"బొటనవేలి దగ్గర. గట్టిగానే పొడిచావు తల్లీ."

"నేనింకా ముట్టుకోలేదు పెద్దమ్మా."

అక్క కళ్ళు తెరిచింది. నా వైపు చూడలేదు. గోడకున్న పటం వైపు చూసింది. చిన్నప్పుడు మట్టిలో ఏడ్చిన నేను, అప్పుడు ఆమె బదులు ఏడవకుండా ఉండటానికి పళ్ళు బిగబట్టాను.

డాక్టరమ్మ విడమరచి చెప్పింది. షుగర్ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. అన్నిటికంటే పొడుగాటి నరాలు పాదాలకు పోయేవే కాబట్టి ముందు అవే పోతాయి.

"మరి ఆ మంటలేమిటి? ఏమీ తెలియని కాలికి మంట ఎలా తెలిసింది?" అక్క నిలదీసింది.

"దెబ్బతిన్న నరాలు అంతే పెద్దమ్మా. లేని మంట ఉందంటాయి, ఉన్న నొప్పిని చెప్పవు."

"మళ్ళీ వస్తుందా?"

"పోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోవాలి. ఇక చెప్పులు లేకుండా ఒక్క అడుగు కూడా వేయకూడదు. ఇంట్లో కూడా."

"ఎన్నాళ్ళయి ఉంటుంది ఇలాగై?"

"సరిగ్గా చెప్పలేను. రెండేళ్ళు, మూడేళ్ళు."

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో అక్క వేళ్ళు మడిచి ఏవో లెక్కపెట్టుకుంది. ఆవం మలుపు దగ్గరకొచ్చాక అంది.

"అయితే ఆ రాళ్ళు నావే."

ఆటో కుదుపుకు ఆమె కట్టుకాలు దేనికీ తగలకుండా పట్టుకున్నాను.

"నలుగురిలో నిలబెట్టి తిట్టానే అతన్ని," అంది.

ఎముక దాకా చీము పట్టిందని నగరంలో పెద్దాసుపత్రిలో ఆ వేలు తీసేశారు. పది రోజులు ఉన్నాం. నా కొడుకు డ్యూటీ దిగి రోజూ వచ్చి, పెద్దమ్మకు ఊళ్ళో కబుర్లన్నీ తనే కల్పించి చెప్పేవాడు. ఇంటికొచ్చాక నెలన్నర కాలు కింద పెట్టనివ్వలేదు. డాక్టరమ్మ లెక్కకు మాత్రలు వేసుకుంది, సూది వేయించుకుంది, సీసాలు మానేసింది. మానేసిన కోపమంతా నా మీద చూపించింది. అదీ మంచిదే అనుకున్నాను.

మెత్తటి బూట్లు తొడిగిన మొదటి రోజునే అడిగింది. "ఆటో పిలువు. ఎలీహియో ఇంటికి పోవాలి."

"అతన్నే రమ్మందాం అక్కా."

"తిట్టింది నేను. ఆయన రావడమేమిటి?"

ఎలీహియో వాకిట్లో కూర్చుని గాడిద జీను కుట్టుకుంటున్నాడు. భార్య పోయాక ఒక్కడే. మమ్మల్ని చూసి లేచాడు గానీ ఎదురు రాలేదు. అక్క నా భుజం పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయింది.

"లోపలికి రా," అన్నాడు.

"రాను. నిన్ను నలుగురిలో అన్నాను. నలుగురిలోనే చెప్పాలి."

"ఇక్కడ నలుగురు లేరు కదా."

"అయితే పిలుచుకురా."

అతనికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. పక్కింటి ముసలావిడ తనంతట తనే గోడ మీదికి తల పెట్టింది. అక్క గొంతు పెంచి ఆమెకు కూడా వినపడేలా చెప్పింది. "నీ మట్టి మంచిదే ఎలీహియో. ఎప్పుడూ మంచిదే. చెడింది నా కాళ్ళు. నాకు తెలియలేదు. తప్పయిపోయింది."

అతను జీను పక్కన పెట్టాడు. "నాకూ తెలియలేదు," అన్నాడు నెమ్మదిగా. "నీ కాళ్ళ కింద రాయి మిగిలిందంటే నా గొయ్యే చెడిందనుకున్నా. నీ కాళ్ళని అనుమానించాలని తోచనే లేదు. ఆ గొయ్యి వదిలేసి, పైన ఇంకోటి తవ్వడం మొదలెట్టా. ఆర్నెల్లయింది. ఇంకా మంచి పొర తగల్లేదు."

ఆసుపత్రిలో వేలు తీసినప్పుడు ఏడవని మా అక్క అక్కడ గేటు పట్టుకుని ఏడ్చింది. ఎలీహియో ఏం చేయాలో తెలియక గాడిద నీళ్ళ తొట్టి దగ్గరకెళ్ళి, మళ్ళీ వచ్చి, "పాత గొయ్యి అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు. సోమవారం తెస్తా," అన్నాడు.

తెచ్చాడు. ఇక తొక్కాల్సింది నేను. అరవై నాలుగేళ్ళ వయసులో చాప మీద మట్టిలోకి దిగాను. అక్క బూట్లు వేసుకుని కుర్చీలో కూర్చుంది, కర్ర ఒకటి పట్టుకుంది.

"మడమతో కుమ్మకే. ముందు వేళ్ళు పెట్టి చూడు, తర్వాత బరువెయ్యి. అబ్బ, గాడిద నయం!"

"నువ్వు మాట్లాడకుండా ఉంటే నాకు తెలుస్తుంది."

"మాట్లాడకుండా మట్టి తొక్కుతారటే ఎవరైనా?"

మట్టి చల్లగా, జిగురుగా వేళ్ళ మధ్యకు ఎక్కుతుంటే అమ్మ వాసన వచ్చినట్టయింది. రెండో చుట్టులో ఎడమ మడమ కింద ఏదో కలుక్కుమంది. వంగి తీశాను. రాయే, పెసరగింజంత. అరచేతిలో పెట్టి అక్కకు చూపించాను. ఆమె దాన్ని తీసుకుని రెండు వేళ్ళ మధ్య చాలాసేపు తిప్పి చూసి, "ఇంత పెద్దది ముందు చుట్టులోనే దొరకాలి," అంది. ఆ మొదటి ఆవంలో ముప్పైకి ఏడు పోయాయి. ఆర్నెల్లకు నాలుగయ్యాయి. ఇప్పుడు రెండో మూడో పోతున్నాయి. అక్క తొక్కితే ఒకటో రెండో పోయేవి, అది నేనెప్పటికీ అందుకోలేను.

రోజూ పొద్దు వాలకముందే పెరట్లో ఆమె కాళ్ళు నేనే కడుగుతాను. నీళ్ళ వేడి నా మోచేత్తో చూస్తాను. వేళ్ళ సందులు తుడిచి, అరికాళ్ళు వెలుతురుకు తిప్పి, గీతలూ బొబ్బలూ ఉన్నాయేమో వెతుకుతాను. వెతుకుతుంటే పాత మచ్చలు కనపడతాయి. ఒక్కో మచ్చ గురించి అడుగుతాను, ఆమె చెబుతుంది. తొమ్మిదో ఏట ఆవం బూడిదలో కాలు పెట్టిన మచ్చ. రేగిపళ్ళ కోసం దూకినప్పుడు గుచ్చుకున్న ముల్లు. ఇన్నేళ్ళు పక్కపక్కనే బతికినా నాకు సగం తెలియవు.

మొన్న కుడి మడమ మీద అడ్డంగా పోయిన తెల్లటి గీత దగ్గర ఆగాను.

"ఇదెక్కడిది?"

"అదా? నీ కొడుకు పుట్టిన రోజుది. నీకు నొప్పులొస్తున్నాయని మంత్రసాని కోసం పరిగెత్తా. వాగు పొంగి ఉంది. చెప్పులు నీళ్ళలో పోయాయి, అవతలి ఒడ్డున రేకు ముక్క కోసుకుంది."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వు ఇల్లెగిరిపోయేలా అరుస్తున్నావు. నా మడమ గోల ఎవరు వింటారు?"

"బాగా నొప్పెట్టిందా?"

అక్క కుర్చీలో వెనక్కి వాలింది. మొహమంతా విచ్చుకుంది. "ఎంత నొప్పనుకున్నావే! మెదడు దాకా కొట్టింది. నేల మీద ఆనిస్తే చాలు, జివ్వుమని పిక్కలోకి, అక్కణ్ణుంచి తొడలోకి పాకేది. మంత్రసాని ముందు నడుస్తుంటే ఆవిడకు తెలియకూడదని పెదవి కొరుక్కున్నా. మర్నాటికి గుమ్మడికాయంత వాచింది. ఉప్పునీళ్ళలో పెడితే చూడాలి ఇక, నక్షత్రాలు కనపడ్డాయి!"

ఆమె ఇంకా చెబుతూనే ఉంది. నేను ఆ మడమను ఒళ్ళో పెట్టుకుని, తువ్వాలుతో మెల్లగా అద్దుతూ విన్నాను.